అమెరికా అంతర్యుద్ధం తొలి దశ: అసలు మలుపు ఎక్కడ వచ్చింది?

వేగుచుక్క:

అమెరికా అంతర్యుద్ధంపై మన వేదికలో మొదలయ్యే చర్చలు ఎటు తిరిగినా 1863 జూలై దగ్గరికే వచ్చి ఆగుతున్నాయి. జూలై 3న గెటిస్‌బర్గ్‌లో దక్షిణాది సేనాని రాబర్ట్ లీ దాడి విఫలమైంది, మరునాడు మిసిసిపీ నది ఒడ్డున విక్స్‌బర్గ్ నగరం ఉత్తరాది జనరల్ గ్రాంట్‌కు లొంగిపోయింది, కాబట్టి అదే మలుపు అని తీర్మానించుకుంటున్నాము. సైనికంగా ఆ మాటను నేను కాదనను. కానీ అప్పటికే బానిసలను స్వతంత్రులను చేసే విముక్తి ప్రకటన అమలులోకి వచ్చి ఆరు నెలలు దాటింది, నల్లజాతి దళాలు యూనియన్ (ఉత్తరాది) సైన్యంలో చేరి పోరాడుతున్నాయి. దేశాన్ని 1860 నాటి స్థితికి తీసుకురావడానికి మొదలైన యుద్ధం, ఆ స్థితినే రద్దు చేసే యుద్ధంగా ఎప్పుడు మారింది, ఎందువల్ల మారింది అన్నది నా ప్రశ్న.

నా అభిప్రాయం ముందే చెబుతాను. 1862 మే నెలాఖరుకు యూనియన్ జనరల్ జార్జ్ మెక్‌క్లెల్లన్ లక్ష మంది సైనికులతో దక్షిణాది రాజధాని రిచ్మండ్ చర్చిల గంటలు వినిపించేంత దగ్గరికి చేరుకున్నాడు. పశ్చిమాన నాష్‌విల్, దక్షిణాన న్యూ ఆర్లీన్స్ అప్పటికే యూనియన్ చేతికి వచ్చాయి. ఆ జూన్‌లో రిచ్మండ్ కూడా పడిపోయి ఉంటే కాన్ఫెడరసీ, అంటే విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి, బహుశా ఆ వేసవి దాటేది కాదు, విడిపోయిన రాష్ట్రాలు తమ బానిసలతో సహా యూనియన్‌లోకి తిరిగి వచ్చేవి. ఎందుకంటే రాష్ట్రాల వ్యవస్థలను కూలదోయడం తమ లక్ష్యం కాదని 1861 జూలైలో కాంగ్రెస్ ఉభయ సభలూ క్రిటెండెన్, జాన్సన్ తీర్మానం ద్వారా స్పష్టంగా ప్రకటించి ఉన్నాయి. జరిగింది వేరు. మే 31న సెవెన్ పైన్స్ పోరులో కాన్ఫెడరేట్ సేనాధిపతి జోసెఫ్ జాన్‌స్టన్ గాయపడ్డాడు, మరునాడు సేనాధిపత్యం లీ చేతికి వచ్చింది. జూన్ 25 నుంచి జూలై 1 వరకు సాగిన ఏడు రోజుల పోరాటాలలో లీ తన వైపు సుమారు 20 వేల మందిని, అంటే శత్రువు కోల్పోయినదానికంటే దాదాపు 4 వేల మందిని ఎక్కువగా పోగొట్టుకుని కూడా, మెక్‌క్లెల్లన్‌ను జేమ్స్ నది ఒడ్డుకు నెట్టివేశాడు. ఆ తర్వాత మూడు వారాలకు, జూలై 22న, అధ్యక్షుడు లింకన్ తన మంత్రివర్గం ముందు విముక్తి ప్రకటన ముసాయిదా ఉంచాడు.

బానిస వ్యవస్థను కాపాడటానికి నిలబడిన సైన్యం సాధించిన ఆ విజయమే చివరికి ఆ వ్యవస్థకు మరణశాసనం రాయించిందని నా వాదన. ఒప్పుకోని వారు కారణాలతో రాయవలసిందిగా కోరుతున్నాను.

తుంగభద్ర:

వేగుచుక్క గారూ, మీరు గెటిస్‌బర్గ్‌ను వదిలినా వర్జీనియాను వదలలేదు. వాషింగ్టన్, రిచ్మండ్ అనే రెండు రాజధానుల మధ్య దూరం సుమారు 160 కిలోమీటర్లే. పత్రికలు, రాజకీయ నాయకులు, విదేశీ రాయబారులు అంతా అటువైపే చూస్తూ ఉండటం వల్ల యుద్ధం అంటే ఆ నేల మీద జరిగినదేనన్న భ్రమ ఆనాడే పుట్టింది, ఇప్పటికీ పోలేదు.

ఒకసారి పటం ముందు పెట్టుకుని నదులు ఏ దిక్కుకు ప్రవహిస్తున్నాయో చూడండి. వర్జీనియాలో రాపహానక్ మొదలైన నదులు ఆగ్నేయ దిశగా సముద్రంలోకి వెళ్తాయి, అంటే ఉత్తరం నుంచి దాడికి వచ్చే సైన్యానికి అవి వరుసగా అడ్డం పడతాయి. అపలాచియన్ కొండలకు ఆవల పరిస్థితి పూర్తిగా తలకిందులు. టెనెసీ, కంబర్లాండ్ నదులు దక్షిణాది లోపలి నుంచి ఉత్తరానికి వచ్చి ఒహాయోలో కలుస్తాయి. ఆవిరి పడవలు ఉన్నవారికి అవి నేరుగా శత్రువు ఇంటి మధ్యకు వేసిన రహదారులు. పడవలు, వాటిని కట్టే కార్ఖానాలు, బొగ్గు, ఇంజన్లు నడపగల మెకానిక్కులు ఎక్కువగా ఉత్తరాది దగ్గరే ఉన్నాయి.

ఆ ముఖద్వారాలకు తాళం కెంటకీ. ఆ రాష్ట్రం 1861 వేసవి అంతా తటస్థంగా ఉంటానని పట్టుబట్టింది. సెప్టెంబర్ 3న లియోనిడాస్ పోక్ అనే కాన్ఫెడరేట్ జనరల్ తొందరపడి మిసిసిపీ ఒడ్డున ఉన్న కొలంబస్ పట్టణాన్ని ఆక్రమించాడు, దానితో తటస్థతను ముందుగా భంగపరిచిన నింద దక్షిణాది మీద పడింది. మూడు రోజులు తిరగకుండానే గ్రాంట్ టెనెసీ నది ఒహాయోలో కలిసే చోట ఉన్న పదూకాలో దిగాడు. తుపాకీ పేలకుండా జరిగిన ఈ కదలికను నేను ఆ సంవత్సరపు అత్యంత ముఖ్యమైన సైనిక చర్యగా భావిస్తాను.

తరువాతిది తెలిసిన కథే అయినా ఎంత వేగంగా జరిగిందో గమనించండి. 1862 ఫిబ్రవరి 6న ఫోర్ట్ హెన్రీ పడిపోయింది. పల్లపు నేల మీద కట్టిన ఆ కోటలోకి అప్పటికే నది వరద నీరు చేరింది. కమోడోర్ ఫుట్ గన్‌బోట్లు గంట, గంటన్నర కాల్పులతో పని ముగించాయి, గ్రాంట్ కాలిబలం బురదలో నడుస్తూ ఇంకా దారిలోనే ఉంది. కొద్ది మైళ్ల దూరంలో కంబర్లాండ్ మీద ఉన్న ఫోర్ట్ డోనెల్సన్ అంత తేలికగా లొంగలేదు. ఫిబ్రవరి 14న గన్‌బోట్లు చావుదెబ్బ తిన్నాయి, ఫుట్ గాయపడ్డాడు. మరునాటి ఉదయం కాన్ఫెడరేట్లు యూనియన్ కుడి పార్శ్వాన్ని బద్దలుకొట్టి నాష్‌విల్ దారి తెరిచారు, ఆపై వారి జనరళ్లు చర్చించుకుని సైన్యాన్ని మళ్లీ కందకాలలోకే నడిపించారు! ఆ రాత్రి ఫ్లాయిడ్, పిల్లో అనే ఇద్దరు పెద్ద అధికారులు తప్పించుకుని వెళ్లిపోయారు. లొంగుబాటు భారం మూడవవాడైన బక్నర్ మీద పడింది. షరతులు అడిగితే, తక్షణ బేషరతు లొంగుబాటు తప్ప మరేదీ లేదని గ్రాంట్ జవాబు పంపాడు. 12 వేలకు పైగా సైనికులు బందీలయ్యారు. తొమ్మిది రోజుల తర్వాత నాష్‌విల్ యూనియన్ చేతికి వచ్చింది, కాన్ఫెడరసీ కోల్పోయిన మొదటి రాష్ట్ర రాజధాని అదే. కెంటకీ అంతటా పరుచుకున్న రక్షణ రేఖ మొత్తం ఒక్క నెలలో మాయమైంది.

రైలుపట్టా:

నదుల గురించి తుంగభద్ర గారు రాసినదానికి ఇనుప దారుల సంగతి కలపకపోతే చిత్రం సగమే అవుతుంది.

1861 జూలై 21 నాటి మొదటి బుల్ రన్ పోరును తీసుకుందాము. యూనియన్ జనరల్ ఇర్విన్ మెక్‌డొవెల్ సుమారు 35 వేల మందితో వాషింగ్టన్ నుంచి బయలుదేరాడు, వారిలో చాలామంది యుద్ధానికి నాంది పలికిన సుమ్టర్ కోట పతనం తర్వాత 90 రోజులకు పేరు రాయించుకున్న స్వచ్ఛంద సైనికులు, కొందరి గడువు అప్పుడే తీరిపోతోంది. మనసాస్ జంక్షన్ దగ్గర కాన్ఫెడరేట్ జనరల్ బ్యూరెగార్డ్‌కు ఉన్న సేన అంతకంటే తక్కువ. యూనియన్ పథకం విజయం ఒక్క షరతు మీద ఆధారపడి ఉంది: షెనండోవా లోయలో ఉన్న జోసెఫ్ జాన్‌స్టన్‌ను వృద్ధుడైన యూనియన్ జనరల్ ప్యాటర్సన్ కదలకుండా పట్టి ఉంచాలి. ప్యాటర్సన్ ఆ పని చేయలేకపోయాడు. జాన్‌స్టన్ తన దళాలను పీడ్మాంట్ స్టేషన్ వరకు నడిపించి, మనసాస్ గ్యాప్ రైలు మార్గం మీద విడతలు విడతలుగా ఎక్కించాడు. మధ్యాహ్నం వరకు గెలుస్తున్న యూనియన్ సైన్యం పార్శ్వం మీదకు ఆ రైలు దిగి వచ్చిన బ్రిగేడ్లలో చివరివి సాయంత్రం నేరుగా విరుచుకుపడ్డాయి. రైలు ద్వారా ఒక రంగం నుంచి మరొక రంగానికి సైన్యాన్ని తరలించి పోరు ఫలితాన్ని మార్చిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటి.

పశ్చిమంలో కూడా అంతే. 1862 ఏప్రిల్ 6, 7 తేదీలలో షైలో దగ్గర రెండు పక్షాలవీ కలిపి 23 వేలకు పైగా మంది చనిపోవడమో, గాయపడటమో, పట్టుబడటమో జరిగింది. షైలో చర్చి చుట్టూ ఉన్న అడవికి స్వతహాగా ఏ విలువా లేదు. అక్కడికి 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొరింత్ పట్టణంలో మెంఫిస్, చార్లెస్టన్ రైలు మార్గం, మొబైల్, ఒహాయో రైలు మార్గం ఒకదానినొకటి దాటుతాయి. మిసిసిపీ నదిని అట్లాంటిక్ తీరంతో తూర్పు పడమరలుగా కలిపే ప్రధాన మార్గం దక్షిణాదికి అదే. ఆ కూడలిని కాపాడటానికే మరో కాన్ఫెడరేట్ జనరల్ ఆల్బర్ట్ సిడ్నీ జాన్‌స్టన్ దాడి చేశాడు, కాలికి తగిలిన గుండుతో రక్తం పోయి ఆ రణరంగంలోనే మరణించాడు. మే 30న కొరింత్ ఖాళీ అయింది. నా లెక్కలో తొలి దశకు అదే అసలు మలుపు.

మనసాస్ దారి:

నేను ఉత్తర వర్జీనియాలో ఉంటాను, కాబట్టి నేల గురించి రెండు మాటలు. సెంట్రవిల్, చాంటిలీ పరిసరాలలో ఎన్నో తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వారానికి ఐదు రోజులు మనవాళ్లు ఆఫీసులకు వెళ్లే రహదారి మీదుగానే మెక్‌డొవెల్ సైన్యం నడిచింది. చాంటిలీలో 1862 సెప్టెంబర్ 1న ఉరుముల వానలో జరిగిన పోరులో స్టీవెన్స్, కియర్నీ అనే ఇద్దరు యూనియన్ జనరళ్లు మరణించారు. ఆ పోరు నేలలో ఇప్పుడు మిగిలింది ఇళ్ల మధ్య ఒక చిన్న పార్కు.

మనసాస్‌లో హెన్రీ హౌస్ గుట్ట మీద నిలబడితే, ఆ గుట్ట ఎంత చిన్నదో చూసి ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. కాన్ఫెడరేట్ జనరల్ జాక్సన్ తన బ్రిగేడ్‌ను ఆ గుట్ట అవతలి వాలు మీద నిలబెట్టాడు, అందువల్ల ఎదురుగా ఎక్కి వచ్చే యూనియన్ సైనికులకు అతని వరుస పైకి వచ్చేదాకా కనిపించలేదు. అప్పటికి ఏకరీతి యూనిఫాం లేదు. నీలం దుస్తులు వేసుకున్న 33వ వర్జీనియా రెజిమెంట్‌ను తమవారేననుకుని ఆగిన యూనియన్ ఫిరంగి దళం ఫిరంగులను పోగొట్టుకుంది. మంచం పట్టిన జుడిత్ హెన్రీ అనే వృద్ధురాలు తన ఇంట్లోనే ఫిరంగి గుళ్లకు బలైంది. పోరు చూడటానికి గుర్రపు బండ్లలో వచ్చిన పెద్దమనుషులలో న్యూయార్క్ ప్రతినిధి ఆల్ఫ్రెడ్ ఈలీ బందీగా రిచ్మండ్‌కు వెళ్లాడు.

సందేహి:

చర్చ బాగుంది. అయితే మొదటి టపాలో ఇది బానిసత్వం మీద జరిగిన యుద్ధమని ముందే నిర్ణయించినట్టు కనిపిస్తోంది. రాష్ట్రాల హక్కులు, దిగుమతి సుంకాలు అసలు కారణాలని నేను పలుచోట్ల చదివాను. వేగుచుక్క గారే చెప్పినట్టు ఉత్తరాది కాంగ్రెస్ కూడా బానిసత్వాన్ని ముట్టుకోనని తీర్మానించింది కదా. అలాంటప్పుడు బానిసత్వం యుద్ధ కారణం ఎలా అవుతుంది?

అక్షరవనం:

సందేహి గారూ, రెండు పక్షాలూ ఒకే కారణంతో యుద్ధానికి దిగాయని అనుకోవడం వల్ల ఈ చిక్కు వస్తోంది. దక్షిణాది విడిపోయింది బానిసత్వం కోసం. ఉత్తరాది యుద్ధానికి దిగింది విడిపోవడాన్ని ఆపడం కోసం. ఈ రెండు వాక్యాలూ ఒకేసారి నిజం కావచ్చు.

మొదటి వాక్యానికి సాక్ష్యం విడిపోయినవారి రాతలలోనే ఉంది. 1860 డిసెంబర్‌లో దక్షిణ కరోలినా తన కారణాల ప్రకటనలో ప్రధానంగా ఫిర్యాదు చేసింది, పారిపోయి వచ్చిన బానిసలను పట్టి అప్పగించే చట్టాన్ని ఉత్తరాది రాష్ట్రాలు అమలు చేయడం లేదని. అంటే తమ రాష్ట్రాల హక్కులను వాడుకుంటున్నది ఉత్తరాదివారు, వాటి మీద కోపగించుకున్నది దక్షిణాదివారు. మిసిసిపీ ప్రకటన తమ స్థానం బానిస వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉందని రెండవ వాక్యంలోనే చెబుతుంది. కాన్ఫెడరేట్ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చి 21న సవానాలో మాట్లాడుతూ, నల్లవారు తెల్లవారితో సమానులు కారన్న సూత్రమే కొత్త ప్రభుత్వానికి మూలరాయి అన్నాడు. బానిసలపై యాజమాన్య హక్కును భంగపరిచే ఏ చట్టమూ చేయరాదని వారి రాజ్యాంగమే నిషేధించింది. సుంకాల మాట ఆ ప్రకటనలలో వెతుక్కోవలసి వస్తుంది.

ఇక ఉత్తరాది లక్ష్యం మారిన తీరు గురించి. ఇప్పటివరకు ఈ చర్చలో జనరళ్లు, నదులు, రైళ్లు వచ్చాయి. అప్పటి జనాభా లెక్కల ప్రకారం దాదాపు 40 లక్షల మంది ఉన్న బానిసలు మాత్రం ఎవరో వచ్చి విడిపించేదాకా ఎదురుచూసిన ప్రేక్షకుల్లా కనిపిస్తున్నారు. నా దృష్టిలో తొలి మలుపు సుమ్టర్ పతనమైన ఆరు వారాలలోపే, 1861 మే 23 రాత్రి, వర్జీనియా తీరంలో వచ్చింది. ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మలరీ, జేమ్స్ టౌన్సెండ్ అనే ముగ్గురు బానిసలు కాన్ఫెడరేట్ ఫిరంగి స్థావరం కట్టే పని నుంచి తప్పించుకుని పడవలో మన్రో కోటకు చేరారు. మరునాడు యజమాని తరఫున ఒక అధికారి తెల్లజెండాతో వచ్చి వారిని అప్పగించమని అడిగాడు. కోట అధిపతి బెంజమిన్ బట్లర్ వృత్తిరీత్యా న్యాయవాది. వర్జీనియా తనను పరాయి దేశంగా చెప్పుకుంటోంది కాబట్టి అమెరికా చట్టం ఆ రాష్ట్రానికి వర్తించదని, శత్రువు యుద్ధానికి వాడుకుంటున్న ఆస్తిని తాను జప్తు చేస్తున్నానని అతను సమాధానమిచ్చాడు. వారిని ఆస్తిగానే లెక్కగట్టిన వాదన అది, అయినా ఫలితం మాత్రం వారు వెనక్కి వెళ్లకపోవడం. జూలై నెలాఖరుకు ఆ కోటలో అలాంటివారు 900 మంది అయ్యారు. ఆగస్టు 6న కాంగ్రెస్ మొదటి జప్తు చట్టం చేసింది. జనరల్‌కు వాదన, కాంగ్రెస్‌కు చట్టం అవసరమైన పరిస్థితిని తెచ్చింది ఆ ముగ్గురి నిర్ణయం.

వేగుచుక్క:

అక్షరవనం గారి టపా నా వాదనకు బలమే చేకూర్చుతోందని అనుకుంటున్నాను. 1861 ఆగస్టు చట్టం శత్రు సైన్యానికి పని చేసిన బానిసలకే పరిమితం, అది కూడా వారి హోదా ఏమిటో తేల్చకుండా వదిలేసింది. అదే నెల 30న జనరల్ ఫ్రెమాంట్ మిస్సోరీలో తిరుగుబాటుదారుల బానిసలను విముక్తులను చేస్తూ ఉత్తర్వు ఇస్తే, లింకన్ పన్నెండు రోజులలో దానిని సవరింపజేశాడు. కెంటకీ పోతే దాదాపు మొత్తం ఆటే పోయినట్టని అతను ఆ సెప్టెంబర్‌లోనే ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. అంటే 1861లో తలుపు తట్టినవారు ఉన్నారు, తలుపు పూర్తిగా తెరవడానికి వాషింగ్టన్ సిద్ధంగా లేదు.

తుంగభద్ర గారు, రైలుపట్టా గారు చెప్పిన పశ్చిమ విజయాలు ఆ తలుపును తెరవలేదన్నది నా ముఖ్యమైన అభ్యంతరం. డోనెల్సన్, నాష్‌విల్ విజయాల తర్వాత ఏప్రిల్ మొదట్లో యుద్ధ మంత్రి స్టాంటన్ సైన్యంలో చేర్చుకోవడమే నిలిపివేశాడు, యుద్ధం అయిపోవచ్చిందన్న ధీమా అంతగా ఉంది. ఆ ధీమా మిగిలి ఉన్నంతకాలం పాత పద్ధతిలో, పరిహారం ఇచ్చి నెమ్మదిగా విముక్తి చేసే మార్గాన్నే లింకన్, బానిసత్వం ఉన్నా యూనియన్‌లోనే మిగిలిన సరిహద్దు రాష్ట్రాలకు సూచిస్తూ వచ్చాడు. ఏప్రిల్ 16న రాజధాని ప్రాంతంలో చేసిన చట్టం కూడా ఆ పద్ధతిదే, మనిషికి 300 డాలర్ల వరకు యజమానికి చెల్లింపు. రిచ్మండ్ ముందు ఓటమి తర్వాత ఆ ఓపిక చెల్లిపోయింది. జూలై 7న మెక్‌క్లెల్లన్, బానిసత్వాన్ని బలవంతంగా రద్దు చేయరాదని హితవు చెబుతూ లేఖ రాశాడు. జూలై 12న లింకన్ చివరిసారి చేసిన పరిహార ప్రతిపాదనను సరిహద్దు రాష్ట్రాల ప్రతినిధులలో ఎక్కువమంది కాదన్నారు. ఆ ప్రతిపాదన చేసిన మరునాడే ఒక అంత్యక్రియకు బండిలో వెళ్తూ లింకన్ విముక్తి ప్రకటన ఆలోచనను తన మంత్రులు సీవర్డ్, వెల్స్‌లకు చెప్పాడు. 17న కాంగ్రెస్ రెండవ జప్తు చట్టాన్ని చేసింది. ఇన్ని పరిణామాలు ఒకే పక్షం రోజులలో రావడం కాకతాళీయం అనగలమా?

నల్లరేగడి:

మాది గుంటూరు వైపు పత్తి నేల, కాబట్టి పత్తి గురించి ఎవరైనా రాస్తారేమోనని ఇంతసేపు చూశాను.

యుద్ధానికి ముందు బ్రిటన్ మిల్లులకు చేరే పత్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా అమెరికా దక్షిణాది నుంచే వెళ్లేది. ఆ పత్తి ఆగితే లాంకషైర్ మగ్గాలు ఆగుతాయి, అవి ఆగితే బ్రిటన్ నౌకాదళం వచ్చి తమను కాపాడుతుంది అన్నది కాన్ఫెడరేట్ నాయకుల నమ్మకం. అందువల్ల 1861లో ఎగుమతులను వారే బిగబట్టారు, యూనియన్ దిగ్బంధం ఇంకా పలచగా ఉండి సరుకు పంపగలిగిన ఏకైక సంవత్సరాన్ని వృథా చేసుకున్నారు. నన్నడిగితే ఇది ఏ రణరంగంలోనూ కనిపించని వారి పెద్ద ఓటమి. 1860 నాటి భారీ పంట వల్ల బ్రిటన్ గోదాములు నిండి ఉన్నాయి. కరువు నిజంగా తాకింది 1862లో, అప్పటికి ఆ సరుకును బయటికి పంపే పెద్ద రేవైన న్యూ ఆర్లీన్స్ చేజారింది.

ఆ ఖాళీని పూరించినవారిలో మన రైతులు ఉన్నారు. బొంబాయి కథ అందరికీ తెలుసు. మద్రాసు రాజధానిలో బళ్లారి నల్లరేగడి నేలలు, కృష్ణా గుంటూరు ప్రాంతాల పత్తి కూడా ఆ ధరల వేడిని చూశాయి. ఎగుమతి రేవుగా కాకినాడ ఎదగడానికి ఆ గిరాకీ బాగా తోడ్పడింది. మన పొట్టి పింజ పత్తిని లాంకషైర్ కార్మికులు తిట్టుకుంటూనే వడికారు. 1865లో యుద్ధం ముగియగానే ధరలు కుప్పకూలాయి. దక్కను పత్తి ప్రాంతాలలో మంచి రోజుల్లో చేసిన అప్పులు రైతుల మెడకు చుట్టుకున్నాయి, 1875 నాటి పూనా, అహ్మద్‌నగర్ రైతుల తిరుగుబాటు వెనుక ఉన్న కారణాలలో అది ఒకటి.

తుంగభద్ర:

నల్లరేగడి గారి టపాకు ధన్యవాదాలు. న్యూ ఆర్లీన్స్ విషయంలో ఒక్క మాట కలుపుతాను. 1862 ఏప్రిల్ 24 తెల్లవారకముందే యూనియన్ నౌకాదళ అధికారి ఫారగట్ తన నౌకలను జాక్సన్, సెయింట్ ఫిలిప్ కోటల ఫిరంగుల మధ్య నుంచి నడిపించి నగరం ముందు లంగరు వేయగలగడానికి ఒక కారణం, ఆ నగరాన్ని కాపాడవలసిన సైన్యంలో పెద్ద భాగం అప్పటికే ఉత్తరానికి, షైలో వైపుకు వెళ్లిపోయి ఉండటం. ఫిబ్రవరిలో రెండు చిన్న కోటలు పోయిన ఫలితం ఏప్రిల్‌లో దక్షిణాదిలోకెల్లా పెద్ద నగరం పోవడంగా తేలింది.

వేగుచుక్క గారు రాజకీయ లక్ష్యం మారడాన్ని మాత్రమే మలుపు అంటున్నారు. అయితే ఆ ప్రకటనను అమలు చేయడానికి నేల కావాలి కదా. టెనెసీ, ఉత్తర అలబామా, మిసిసిపీ లోయలలో యూనియన్ సైన్యం నిలబడి ఉండకపోతే పారిపోయేవారు ఎక్కడికి పారిపోతారు?

సందేహి:

అక్షరవనం గారి వివరణ నాకు నచ్చింది. మరొక ప్రశ్న. జూలైలోనే ముసాయిదా సిద్ధమైతే సెప్టెంబర్ దాకా ఎందుకు ఆపారు? ప్రకటనకు ముందు జరిగిన యాంటీటమ్ పోరు సమంగా ముగిసిందని చదివాను, దానిని విజయంగా ఎలా చెప్పుకున్నారు?

మనసాస్ దారి:

ఆపమన్నది విదేశాంగ మంత్రి సీవర్డ్. ఓటముల మధ్య అలాంటి ప్రకటన చేస్తే చేతకాక చేసిన చివరి ఆర్తనాదంలా వినిపిస్తుందని, ఒక విజయం వచ్చేదాకా ఆగాలని అతను సలహా ఇచ్చాడు. వచ్చింది మాత్రం మరో ఓటమి. ఆగస్టు 28 నుంచి 30 వరకు జరిగిన రెండవ బుల్ రన్‌లో యూనియన్ జనరల్ జాన్ పోప్ సైన్యం చెల్లాచెదురైంది, సెప్టెంబర్ మొదటి వారంలో లీ పొటోమాక్ నది దాటి మేరీలాండ్‌లోకి అడుగుపెట్టాడు.

అక్కడ జరిగినది నవలలో రాస్తే నమ్మరు. సెప్టెంబర్ 13న ఫ్రెడరిక్ పట్టణం దగ్గర ఇండియానా సైనికులకు మూడు చుట్టల చుట్టూ చుట్టిన ఒక కాగితం దొరికింది. అది లీ జారీ చేసిన 191వ ప్రత్యేక ఉత్తర్వు ప్రతి, అతని సైన్యం ఏ ఏ భాగాలుగా విడిపోయి ఎక్కడికి వెళ్తోందో అందులో ఉంది. అంతటి సమాచారం చేతికి వచ్చిన తర్వాత కూడా మెక్‌క్లెల్లన్ తాపీగానే కదిలాడు. 15న హార్పర్స్ ఫెర్రీలో 12 వేలకు పైగా యూనియన్ సైనికులు జాక్సన్‌కు లొంగిపోయారు, తరువాత జాక్సన్ దళాలలో ఎక్కువ భాగం వెళ్లి లీని కలుసుకున్నాయి.

17వ తేదీన యాంటీటమ్ పోరు ఉదయం మొక్కజొన్న చేనులో మొదలై, మధ్యాహ్నానికి గుంట దారిలోకి, సాయంత్రానికి బర్న్‌సైడ్ వంతెన అవతలి గుట్టల మీదికి జరిగింది. ఒక్క రోజులో రెండు పక్షాలవీ కలిపి దాదాపు 23 వేల మంది మరణించడమో, గాయపడటమో, కనబడకుండా పోవడమో జరిగింది. అమెరికా చరిత్రలో ఒక్క రోజున అంత నష్టం మరే పోరులోనూ లేదు. లీ దగ్గర 40 వేల లోపే ఉన్నారు, మెక్‌క్లెల్లన్ అంతకు దాదాపు రెట్టింపు మందిని పెట్టుకుని, వారిలో గణనీయమైన భాగాన్ని పోరులోకే దింపలేదు. వంతెన వైపు దాడి ఫలించబోతున్న సమయానికి కాన్ఫెడరేట్ జనరల్ ఏ.పి. హిల్ దళం హార్పర్స్ ఫెర్రీ నుంచి పరుగున వచ్చి దానిని అడ్డుకుంది. ఆ రోజు ఎవరూ గెలవలేదన్నది నిజమే. కానీ 18 రాత్రి లీ నది దాటి వర్జీనియాకు వెనుదిరిగాడు, రణరంగం యూనియన్ చేతిలో మిగిలింది. లింకన్‌కు అంత చాలు. 22న ప్రాథమిక ప్రకటన వెలువడింది: 1863 జనవరి 1 నాటికి తిరుగుబాటులో ఉన్న ప్రాంతాలలోని బానిసలు శాశ్వతంగా స్వతంత్రులు.

నల్లరేగడి:

యాంటీటమ్ ప్రభావం లండన్‌లో ఇంకా ఎక్కువ. ఆ సెప్టెంబర్‌లో బ్రిటన్ ప్రధాని పామర్‌స్టన్, విదేశాంగ మంత్రి రసెల్ మధ్యవర్తిత్వం గురించి తమలో తాము ఉత్తరాలు రాసుకుంటున్నారు. లీ వెనక్కి తగ్గిన వార్త రాగానే పామర్‌స్టన్ జాగ్రత్త పడ్డాడు. అక్టోబర్‌లో ఆర్థిక మంత్రి గ్లాడ్‌స్టన్ తొందరపడి దక్షిణాది ఒక జాతిని సృష్టించుకుందని బహిరంగంగా అన్నప్పటికీ, నవంబర్‌లో మంత్రివర్గం ఫ్రాన్స్ చేసిన జోక్యం ప్రతిపాదనను తిరస్కరించింది.

రైలుపట్టా:

తూర్పున యాంటీటమ్ ఉన్నట్టే పశ్చిమాన పెర్రీవిల్ ఉంది, దానిని ఎవరూ తలచుకోరు. ఆ వేసవిలో కాన్ఫెడరేట్ జనరల్ బ్రాగ్ సుమారు 30 వేల మందిని మిసిసిపీ నుంచి మొబైల్ మీదుగా చుట్టుదారిలో చట్టనూగాకు రైళ్లలో తరలించి, అక్కడి నుంచి కెంటకీలోకి చొచ్చుకుపోయాడు. కొరింత్ కూడలి చేజారినందువల్లనే అంత చుట్టూ తిరగవలసి వచ్చింది. అక్టోబర్ 8న పెర్రీవిల్‌లో యూనియన్ జనరల్ బ్యూయెల్ సైన్యంలో ఒక భాగాన్ని దెబ్బ తీసి కూడా అతను వెనుదిరిగాడు, కెంటకీ ఆ తర్వాత ప్రమాదంలో పడలేదు.

సందేహి:

చివరి ప్రశ్న. యూనియన్ అధీనంలో లేని ప్రాంతాలకే ప్రకటన వర్తించిందంటారు. అయితే జనవరి 1న అది నిజంగా ఎవరినైనా విడిపించిందా?

అక్షరవనం:

విడిపించింది. సరిహద్దు రాష్ట్రాలు, టెనెసీ, లూసియానాలో కొన్ని పారిష్‌లు (జిల్లాలు), వర్జీనియాలో కొన్ని కౌంటీలు మినహాయింపు పొందిన మాట నిజం. దక్షిణ కరోలినా తీరపు దీవులు మాత్రం ఆ మినహాయింపులో లేవు. 1861 నవంబర్ 7న పోర్ట్ రాయల్‌ను యూనియన్ నౌకాదళం పట్టుకున్నప్పుడు తోటల యజమానులు పారిపోయారు, సుమారు 10 వేల మంది బానిసలు అక్కడే మిగిలారు. వారు, ఉత్తర కరోలినా తీరంలో యూనియన్ శిబిరాలకు చేరినవారు, మరికొన్ని చోట్ల ఉన్నవారు ఆ రోజే చట్టరీత్యా స్వతంత్రులయ్యారు. మిగిలినవారికి అది సైన్యం వెంట నడిచి వచ్చే చట్టం, ఈ విషయంలో నేను తుంగభద్ర గారితో ఏకీభవిస్తాను.

ప్రకటనలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది నల్లవారిని సాయుధ సేవలోకి తీసుకుంటామన్న వాక్యం. అది కూడా గాలిలోంచి రాలేదు. 1862 మే 13 తెల్లవారుజామున రాబర్ట్ స్మాల్స్ అనే బానిస పైలట్ చార్లెస్టన్ రేవులో కాన్ఫెడరేట్ ఆవిరి నౌక ప్లాంటర్‌ను, తెల్ల అధికారులు ఒడ్డుకు వెళ్లిన అదను చూసి, తన కుటుంబంతోనూ సహచరుల కుటుంబాలతోనూ సహా కోటల ముందు నుంచే నడిపించి యూనియన్ నౌకలకు అప్పగించాడు. కెప్టెన్ టోపీ పెట్టుకుని, సరైన సంకేతాలు ఊదుతూ సుమ్టర్ కోటను దాటాడు. అక్టోబర్ 29న, తుది ప్రకటనకు రెండు నెలల ముందే, మొదటి కాన్సస్ నల్లజాతి పదాతి దళం మిస్సోరీలో ఐలండ్ మౌండ్ దగ్గర పోరాడింది. యుద్ధం ముగిసేనాటికి సుమారు 1 లక్షా 80 వేల మంది నల్లవారు సైన్యంలో పనిచేశారు.

సమానత్వం మాత్రం ఆ వాక్యంతో రాలేదు. 1862 జూలై 17 నాటి మిలీషియా చట్టం వారికి నెలకు 10 డాలర్లు నిర్ణయించి, దుస్తుల కింద 3 డాలర్లు కోత పెట్టింది. తెల్ల సైనికుడికి 13 డాలర్లు వచ్చేవి. కొన్ని రెజిమెంట్లు తక్కువ జీతం పుచ్చుకోవడం కంటే అసలు జీతమే వద్దని నెలల తరబడి తిరస్కరించాయి, 1864 జూన్‌లో కాంగ్రెస్ జీతాలను సమానం చేసింది.